నాన్నకి రోమ్ నుంచి: పేదోళ్ళ పదవి చక్రవర్తి చేతికెలా పోయింది

నాన్నా,

బాగున్నావా, అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా. మొన్న ఫోన్‌లో అడిగావు కదా, ఏటా ఎలక్షన్లు పెట్టుకున్న రోమ్ వాళ్ళు చక్రవర్తిని ఎలా ఒప్పుకున్నారని, సిగ్నల్ కట్ అయిపోయి సగంలో ఆగింది, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

క్రీ.పూ. 509లో ఆఖరి రాజు టార్క్విన్‌ని వెళ్ళగొట్టారంటారు. ఆ తర్వాత రాజు బదులు పాలించడానికి ఇద్దరు కాన్సుల్స్, ఏడాదే పదవి, ఒకరు చేసేది ఇంకొకరు ఆపొచ్చు. కానీ పదవులు, సెనేట్ అనే పెద్దల సభ అంతా పెద్దింటి వాళ్ళదే. అప్పులతో చితికిపోయిన మామూలు జనం, ప్లెబియన్లు అంటారు వాళ్ళని, 494లో మేం యుద్ధానికి రాము అని ఊరి బయట కొండ మీదికి వెళ్ళి కూర్చున్నారు. నువ్వు యూనియన్‌లో ఉన్నప్పుడు చేసిన సమ్మె లాంటిదే నాన్నా. అప్పుడు దిగొచ్చి వాళ్ళకి ట్రిబ్యూన్లు అనే పదవి ఇచ్చారు. ట్రిబ్యూన్ మీద చెయ్యేస్తే ప్రాణం పోతుంది, ఆయన వీటో అంటే కాన్సులైనా ఆగాల్సిందే, ఆయన ఇంటి తలుపు రాత్రి కూడా మూయకూడదు, ఎవరు ఏ కష్టంలో ఉన్నా పరిగెత్తుకుని వెళ్ళేలా. రోమ్ చరిత్ర మొత్తంలో నాకు బాగా నచ్చింది ఈ తలుపే.

క్రీ.పూ. 133లో టైబీరియస్ గ్రాకస్ అనే ట్రిబ్యూన్ ల్యాండ్ సీలింగ్ తెచ్చాడు. ప్రభుత్వ భూమి ఒక్కొక్కరి దగ్గర 500 యూగెరాలు, అంటే సుమారు 300 ఎకరాలు మించితే తీసేసుకుని భూమి లేనోళ్ళకి పంచుతాం అని. ఇంకో ట్రిబ్యూన్ అడ్డుపడితే ఓటేయించి పదవి నుంచి దింపేశాడు, అది కొత్త. మళ్ళీ పోటీ చేస్తానన్నాడు. సెనేటర్లు విరిగిన బెంచీల కాళ్ళు పట్టుకుని వచ్చి కొట్టి చంపారు, శవాన్ని టైబర్ నదిలో పడేశారు. చెయ్యి వేయకూడని మనిషిని కదా, ఇది చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

ఇక అక్కడ్నుంచి వరసగా జారిపోయింది. మారియస్ అనే సేనాపతి భూమి లేనోళ్ళని సైన్యంలో చేర్చుకున్నాడు, రిటైరయ్యాక వాళ్ళకి భూమి ఇప్పించేది సేనాపతే కాబట్టి సైనికులు సెనేట్‌ని కాదు ఆయన్నే నమ్ముకునేవాళ్ళు. 88లో సుల్లా అనే ఇంకో సేనాపతి సొంత ఊరు రోమ్ మీదికే సైన్యాన్ని తెచ్చాడు, 49లో సీజర్ కూడా అంతే, 44లో శాశ్వత డిక్టేటర్ అయ్యాడు, అదే ఏడు మార్చి 15న పొడిచి చంపేశారు.

సీజర్ వారసుడు అగస్టస్ మాత్రం చాలా జాగ్రత్తపడ్డాడు. రాజు అన్న మాటే ఎత్తలేదు, క్రీ.పూ. 27లో అధికారం సెనేట్‌కి తిరిగి ఇచ్చేస్తున్నా అని ప్రకటించాడు, కాన్సుల్స్ ఉన్నారు, ట్రిబ్యూన్లూ ఉన్నారు. కానీ సైన్యం ఉన్న ముఖ్యమైన రాష్ట్రాలు ఆయనవే. 23లో ట్రిబ్యూన్ పదవి తీసుకోకుండా ట్రిబ్యూన్ పవర్ మాత్రం జీవితాంతానికి తీసుకున్నాడు. తర్వాతి చక్రవర్తులు నాణేల మీద తమ ఏళ్ళు లెక్కేసింది ఈ పవర్ వచ్చిన దగ్గర్నుంచే. కొండెక్కి సాధించుకున్న హక్కు నాన్నా, చివరికి ఎవరి చేతికి పోయిందో చూడు. క్రీ.శ. 14లో ఆయన పోగానే అధికారులని ఎన్నుకునే పని కూడా జనం దగ్గర్నుంచి సెనేట్‌కి పోయింది.

నేను ఈ వారం కాపిటలైన్ మ్యూజియంలో ఒక కంచు పలక చూశా, మనిషెత్తు ఉంది, పై ముక్క లేదు కానీ అక్షరాలు ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి. క్రీ.శ. 69లో ఒకే ఏడాదిలో ముగ్గురు చక్రవర్తులు పోయాక, సైన్యం బలంతో నాలుగోవాడిగా వచ్చిన వెస్పేషియన్‌కి అధికారాలు ఇస్తూ చేసిన చట్టం అది. అగస్టస్‌ని కట్టడి చేయని చట్టాలు ఈయన్నీ కట్టడి చేయవంట, ఇప్పటికే చేసినవన్నీ ప్రజలు ఆజ్ఞాపించినట్టే చెల్లుతాయంట. చివర్లో ఇంకోటి ఉంది, ఈ చట్టం కోసం ఎవరైనా వేరే చట్టాలు మీరినా తప్పు కాదు, దాని మీద కేసు వేయడానికి లేదు అని. అక్కడే చాలాసేపు నిలబడ్డా.

ఫోటో వాట్సాప్‌లో పెడతా, పెద్దది చేసి చూడు. వెస్పేషియన్ తర్వాత ఏమైందో వచ్చే ఉత్తరంలో రాస్తా, నువ్వు బీపీ మందులు మానకు.

నీ చిన్ని