ఆ అయిదుగురికి ఎవరు ఈల వేయాలి?

సంపాదకుల వారికి,

పోయిన నెల మీ ఆదివారం అనుబంధంలో ‘ఒకరా, అయిదుగురా?’ వ్యాసం చదివి ఊరుకున్నాను. ఇంటర్ చదివే మనవరాలు నిన్న అదే ప్రశ్న నన్ను అడిగింది. ఇక రాయకుండా ఉండలేకపోయాను.

అదుపు తప్పిన రైలు బండి. అది పోతున్న లైనులో అయిదుగురు కూలీలు, పక్క లైనులో ఒక్కడు. మళ్లించాలా, వద్దా? 1967లో ఫిలిప్పా ఫుట్ అనే బ్రిటిష్ తత్వవేత్త వేసిన ప్రశ్న ఇది. పట్టాల మీద ముప్పై ఏళ్లు నడిచిన నాకు ఆ అయిదుగురు అంకె కాదు, పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్లు. ఆ ఒక్కడు పట్టాలను తనిఖీ చేసే కీమ్యాన్. రోజూ సుత్తి భుజాన వేసుకుని ఒంటరిగా నడిచేది అతనే. నేనూ అదే పని చేశాను.

లైను విప్పి పని చేసేటప్పుడు 600 మీటర్ల దూరంలో ఎర్ర బ్యానరు కట్టాలి. 1200 మీటర్ల దగ్గర పట్టా మీద, బండి చక్రం ఎక్కగానే పెద్ద చప్పుడుతో పేలే డిటోనేటర్లు మూడు పెట్టాలి. బ్రేకు పడని బండి అయినా ఆ చప్పుడుకు మనుషులు తప్పుకుంటారు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చినా నిమిషానికి పైగా సమయం ఉంటుంది. వ్యాసంలో ఇదేదీ లేదు. మనుషులను పట్టాల మీద వదిలేసి, ఎవరిని చంపాలో చెప్పమంటారా?

మంచు కురిసే ఒక తెల్లవారుజామున, మలుపు దగ్గర, బండి వస్తోందని ఈల వేయాల్సిన మనిషిని వేరే పనికి పంపారు. నాతో రోజూ అన్నం పంచుకునే మిత్రుడు పోయాడు. అతని టిఫిన్ గిన్నె మూత కూడా ఊడకుండా కంకర మీద ఉంది. ‘తప్పనిసరి పరిస్థితి’ అని కాగితం రాసి ముగించారు.

చట్టానికి ఈ ప్రశ్న కొత్త కాదు. పాత ఐపీసీ 81వ సెక్షన్‌లో, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 19వ సెక్షన్‌లో ఓడ కెప్టెన్ ఉదాహరణ ఉంది. ఇరవై ముప్పై మంది ఉన్న పడవను తప్పించబోయి, ఇద్దరే ఉన్న పడవకు ప్రమాదం తెచ్చినా, వాళ్లను గుద్దాలన్న ఉద్దేశం లేకుంటే అతనికి మినహాయింపు ఉండవచ్చు. అయితే ‘తన తప్పు గానీ నిర్లక్ష్యం గానీ లేకుండా’ ఆ స్థితిలో పడిన కెప్టెన్‌కే అది. మన అధికారులకు ఈ ముక్క ఎందుకు కనబడదు? వేసవి అంతా కాలువ గట్టు వైపు చూడరు. వరద రాగానే పట్టణాన్ని కాపాడాలని గండి కొట్టి, వేరే దారి లేదంటూ పల్లెను ముంచుతారు. దండోరా కూడా వేయించరు.

వర్షాలు మొదలయ్యేలోగా మన జిల్లాలో గట్ల మరమ్మతు ఎంతవరకు వచ్చిందో మీ విలేకరిని పంపి రాయించండి.

— ఒక విశ్రాంత కీమ్యాన్