అమ్మలుకి, పర్లాకిమిడి నుంచి

అమ్మలూ,

నిన్న ఫోన్లో నీ గొంతు డీలాగా ఉంది. నువ్వు మసాజ్ కోర్సులో చేరావని అత్త అన్న మాట నీ దాకా వచ్చినట్టుంది. "డిగ్రీ చదివించి, వాళ్ళ ఒళ్ళూ వీళ్ళ ఒళ్ళూ పట్టే పనికా కేరళ పంపారు?" అని నా ముందే అంది. అప్పుడు నాకు నోరు లేవలేదు. రాత్రంతా అదే బాధ. అందుకే రాస్తున్నాను.

నిన్ను పెంచిన చేతులు ఆ పనే చేశాయి. నువ్వు పుట్టాక మూడు నెలలు మామ్మే నీకు నీళ్ళు పోసింది. పెరట్లో పీట మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, వాటి మీద నిన్ను బోర్లా వేసుకునేది. గోరువెచ్చని నువ్వుల నూనె అరచేతులకు రాసుకుని, వెంటనే రుద్దేది కాదు. రెండు చేతులూ నీ వీపు మీద ఆనించి ఊరికే ఉండేది. నువ్వు ఏడుపు ఆపి ఒళ్ళు వదిలేదాకా అంతే. ఆ తరవాతే వెన్ను నిమరడం, తొడలు పిసకడం, కాళ్ళూ చేతులూ కత్తెరలా కలిపి సాగదీయడం. చివర్లో శనగపిండి నలుగు, నీళ్ళు, సాంబ్రాణి పొగ. పక్కింటి ఒడియా మాఉసి ఆవనూనె గిన్నెతో వచ్చి ఇదే మంచిదని వాదించేది. మామ్మ మాత్రం, "నూనె ఏదైతే ఏటి, బిడ్డ ఒప్పుకున్నాక ముట్టుకోవాల" అనేది.

నువ్వు పంపిన సిలబస్ ఫోటో పెద్దది చేసుకుని చదివాను. స్వీడిష్ మసాజ్ దగ్గర ఆగిపోయాను. ఎఫ్లూరాజ్, పెట్రిసాజ్, టాపోట్‌మాన్ అని ఫ్రెంచి పేర్లు. 19వ శతాబ్దంలో మెట్జ్‌గర్ అనే డచ్ డాక్టరు వీటిని వాడుకలోకి తెచ్చాడంటారు. అర్థం చూస్తే నిమరడం, పిసకడం, తట్టడం! మామ్మకి పేర్లు తెలీవు, పని తెలుసు. మీ మలయాళీల నూనె మర్దన పిళిచిల్ పేరుకి అర్థం పిండడమేనని నువ్వన్నప్పుడూ ఇలాగే ఒళ్ళు పులకరించింది.

అత్తకి థాయిలాండ్ సంగతి చెబుతాను. బ్యాంకాక్‌లోని వాట్ ఫో గుడిలో మర్దన విద్యని 1830ల్లో అక్కడి రాజు మూడో రామ రాతిపలకల మీద చెక్కించాడు. నూనె లేకుండా, బట్టలతోనే చాప మీద పడుకోబెట్టి చేసే ఆ నువాద్ థాయ్‌ని 2019లో యునెస్కో మానవజాతి వారసత్వంగా గుర్తించింది. జపాన్‌లో అన్మా అనే మర్దనని వందల ఏళ్ళుగా చూపులేనివాళ్ళు వృత్తిగా చేసుకుని బతికారు. కళ్ళు చేసే పని వేళ్ళు చేశాయన్నమాట. ఇది తక్కువ పని ఎలా అవుతుంది, చెప్పు?

నాకున్న భయం వేరే. ఎక్కడ చెయ్యి వెయ్యకూడదో నువ్వు ముందు నేర్చుకోవాలి.

నాన్నకి తుంటి ఆపరేషన్ అయినప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. నీకు టెన్షన్ ఎందుకని సగమే చెప్పాం. రెండు వారాలు మంచం మీద ఉన్నాక ఎడమ పిక్క వాచింది. ముట్టుకుంటే వేడిగా ఉంది, ఆ ఒక్క కాలే. పడుకుని పడుకుని పట్టేసిందనుకుని వేడి నూనెతో రెండు రోజులు నేనే రుద్దాను. మాలిష్ చేసే మనిషిని కూడా పిలిపించాం, గట్టిగా పిసికి వెళ్ళాడు. మర్నాడు బరంపురం తీసుకెళ్తే స్కాన్ చేసి, లోపలి నరంలో రక్తం గడ్డకట్టిందన్నారు. రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చనీ, ప్రాణమే పోయేదనీ డాక్టరు చెబుతుంటే నా చేతుల వంక చూసుకున్నాను. ఆరు నెలలు రక్తం పల్చబడే మాత్రలు వేసుకున్నాక గండం గడిచింది.

అందుకే ఎవరు వచ్చి పడుకున్నా ముందు అడుగు. జ్వరం ఉందా, ఆపరేషన్ అయిందా, ఒక కాలే వాచిందా, ఏ మందులు వాడుతున్నారు అని. అభ్యంగం, అంటే ఒంటికి నూనె పట్టించుకోవడం, రోజూ చేసుకోమన్న ఆయుర్వేద పండితుడు వాగ్భటుడే, అజీర్తితో ఉన్నవాళ్ళకి వద్దన్నాడు. డబ్బులు కట్టారు కదా అని మొహమాటపడకు. "ముందు డాక్టరుకి చూపించుకోండి" అనడం కూడా నీ పనే. నీకు ఇబ్బందిగా అనిపించే మనిషి వచ్చినా అంతే, వెంటనే బయటికి వచ్చేయ్.

నీ బొటనవేళ్ళు జాగ్రత్త. మామ్మ వేళ్ళు చివరికి ఎలా వంకర్లు తిరిగాయో చూశావుగా. వేళ్ళ బలంతో కాకుండా ఒంటి బరువుతో నొక్కమని మీ టీచరు చెప్పారన్నావు, అది మర్చిపోకు.

రథయాత్రకి రా. నీ చేత కాళ్ళు పట్టించుకోవాలని నాన్న ఇప్పటినుంచే సరదా పడుతున్నారు. ముందు డాక్టరుని అడిగి రమ్మన్నాను. సోమవారం వెళ్తారట.

అమ్మ