నా చేతి వణుకు సంగతి

అమ్మలూ,

వీడియో కాల్‌లో నా చెయ్యి వణకడం చూసి, పార్కిన్సన్స్ ఏమోనని రాత్రంతా ఫోనులో వెతుకుతూ కూర్చున్నావట. అమ్మ చెప్పింది. ఆ టెన్షన్ వద్దు. కిడ్నీ మార్చాక నేను వేసుకుంటున్న టాక్రోలిమస్ వల్లే ఇదని డాక్టరు గారు చెప్పారు. ఆ మందుకు బాగా తెలిసిన దుష్ఫలితమే ఇది. బయాలజీ మాస్టారి కూతురివి, కారణం తెలిస్తేగాని ఊరుకోవు కాబట్టి రాస్తున్నాను.

కణాల్లో చాలా ప్రోటీన్లు ఫాస్ఫేట్ తగిలితే ఒకలా, ఊడితే ఇంకోలా పనిచేస్తాయి. తగిలించేవి కైనేజులు, ఊడదీసేవి ఫాస్ఫటేజులు. పాఠాల్లో ఎప్పుడూ కైనేజులకే పెద్దపీట. రెండోవాటిని ఒక్క లైనులో తేల్చేస్తారు, నాకది ఎన్నడూ నచ్చలేదు.

కాల్సిన్యూరిన్ ఒక ఫాస్ఫటేజ్. కాల్షియం తగిలితే గాని పని మొదలుపెట్టదు. మెదడులో దండిగా ఉంటుంది. నాడీకణం సందేశం పంపేటప్పుడు దాని కొసలోకి కాల్షియం దూసుకొస్తుంది. అప్పుడు ఇది డైనమిన్ అనే ప్రోటీన్ మీది ఫాస్ఫేట్లు తీసేస్తుంది. దాంతో సందేశం ఒలకబోసి ఖాళీ అయిన సంచుల పొర మళ్ళీ లోపలికి చేరి, తర్వాతి విడతకు పనికొస్తుంది. సందేశం అందుకునే కణంలో కథ వేరు. అక్కడ కాల్షియం కొద్దికొద్దిగా, ఎక్కువసేపు వస్తే ఇదే ఎంజైము రెండు కణాల మధ్య లంకెను పలచన చేస్తుంది. ఒక్కసారిగా ఎక్కువ వస్తే కైనేజుది పైచేయి, లంకె గట్టిపడుతుంది.

ఇదే ఎంజైము టీ కణాల్లోనూ, అంటే ఒంట్లోకి వచ్చిన పరాయివాటి మీద దాడిచేసే తెల్లరక్తకణాల్లోనూ, ఉంది. అక్కడ ఎన్‌ఫాట్ అనే ప్రోటీన్ ఫాస్ఫేట్లు ఊడదీసి, దాన్ని కేంద్రకంలోకి పంపి, కొత్త కిడ్నీ మీద దాడికి దారి తీస్తుంది. టాక్రోలిమస్ అడ్డుకునేది కాల్సిన్యూరిన్‌నేనని 1991లో హార్వర్డ్‌లో స్టువర్ట్ ష్రైబర్ ల్యాబు వాళ్ళు తేల్చారు. నా కిడ్నీ నిలబడింది దాని పుణ్యమే. కాకపోతే ఏది టీ కణమో, ఏది నాడీకణమో మందుకేం తెలుసు!

రక్తంలో మందు ఎక్కువైతే వణుకూ పెరుగుతుంది. అలాగని మనంతట మనం మోతాదు తగ్గిస్తే కిడ్నీకే ఎసరు. సోమవారం పొద్దున మాత్ర వేసుకోకముందే రక్తం ఇచ్చి లెవెల్ చూపిస్తాను.

ఈలోగా ఒక పని చెయ్యి. మీ పెద్దత్త తోటలో పంపరపనసలు బస్సుకి వేస్తానంటోంది. అవి తింటే ఈ మందు రక్తంలో పెరిగిపోతుంది. నేను చెబితే పథ్యం పిచ్చి అంటుంది, నువ్వే ఫోన్ చేసి వద్దని చెప్పు.

మీ నాన్న