వాళ్ళు కూడా చూడ్డానికే వెళ్ళారు

సంపాదకులకు నమస్కారం.

మే 21న మీ జిల్లా పేజీలో ఒక చిన్న వార్త చూశాను. తీవ్రవాద వ్యతిరేక దినం అని ఒక ఆఫీసులో ఉద్యోగులు నిలబడి ప్రతిజ్ఞ చేస్తున్న ఫొటో, గోడ మీద రాజీవ్ గాంధీ పటం. ఏటా వచ్చే వార్తే. ఆ తేదీ చూడగానే నాకు ముందు గుర్తొచ్చేది మాత్రం ఒక ముసలమ్మ, ఆవిడ అడిగిన ఒక ప్రశ్న. ఉత్తరం కొంచెం పెద్దదైంది. వీలైతే కోయకుండా వేయండి.

1991లో నేను ఆర్టీసీలో కండక్టరుని. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళు. విశాఖ కాంప్లెక్స్‌లో బయల్దేరి విజయనగరం, గజపతినగరం మీదుగా లోపలి ఊరికి వెళ్ళే నైట్ హాల్ట్ బస్సు మాది. రాత్రికి ఊళ్ళో పడుకుని తెల్లారి అయిదింటికి మళ్ళీ బయల్దేరాలి. ఆ మే 21, మంగళవారం, రాజీవ్ గాంధీ ఎన్నికల ప్రచారానికి విశాఖ వచ్చాడు. సాయంత్రం ఏడు గంటలకి ప్లాట్‌ఫారం మీద బస్సు పెట్టీ పెట్టగానే నిండిపోయింది. సగం మంది ఆయన్ని చూసి తిరిగెళ్తున్నవాళ్ళే. చేతుల్లో కాగితం జెండాలు, చంకల్లో నిద్రపోతున్న పిల్లలు, మెట్ల మీద మామిడిపళ్ళ గంపలు. ఆనందపురం దాటేదాకా నేను టికెట్లు కొడుతూనే ఉన్నాను.

ఆవిడ డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. మా నైట్ హాల్ట్ ఊరి మనిషే. ఏడేళ్ళ మనవణ్ణి తీసుకుని పొద్దున్నే ఇదే బస్సులో విశాఖ వెళ్ళింది. టికెట్టుకి డబ్బులిస్తూ, నేను అడక్కుండానే చెప్పింది. "సూసినాను కండక్టరు బాబూ. పువ్వులాగున్నాడు. ఎండకి మొకం కందిపోనాది." ఆ మాట తగరపువలసలో ఒకసారి, విజయనగరంలో ఎక్కినవాళ్ళకి ఇంకోసారి చెప్పింది.

బస్సులో ఇంకో మాట కూడా నడిచింది. ఆయన విమానం ఏదో పాడైందట, కారు వెనక్కి తిరిగిందట, రాత్రికి విశాఖలోనే ఉంటాడట అని. అది పుకారు కాదని తర్వాత తెలిసింది. విమానంలో నిజంగానే లోపం వచ్చింది. బస చేద్దామని ఆయన ఎయిర్‌పోర్టు నుంచి బయల్దేరితే, బాగైందని కబురొచ్చి మళ్ళీ వెనక్కి వెళ్ళాడు. మా బస్సు కదిలేసరికే ఆయన మద్రాసు దారిలో ఉన్నాడు. ఆ రిపేరు తెల్లారేదాకా కాకపోయి ఉంటే బాగుండేదని అనుకోని మనిషి మా వైపు లేడు. ఇప్పటికీ అనుకుంటాం.

ఊళ్ళో బస్సు ఆపేసరికి పది దాటింది. డ్రైవరుగారూ నేనూ బావి దగ్గర కాళ్ళు కడుక్కుని, తెచ్చుకున్న క్యారేజీ విప్పాం. మద్రాసు దగ్గర శ్రీపెరుంబుదూరులో, ఆయన సభ దగ్గర, బాంబు పేలింది పది గంటల ఇరవై నిమిషాల ప్రాంతంలో. అంటే మేము అన్నం తింటున్నాం. ముసలమ్మ మనవణ్ణి భుజాన వేసుకుని అప్పటికి ఇల్లు చేరిపోయి ఉంటుంది.

తెల్లవారుజామున పదిహేను మందితో బయల్దేరాం. గజపతినగరం ఇంకా రాకముందే రోడ్డుకి అడ్డంగా చెట్టు కొట్టి పడేసి ఉంది. కుర్రాళ్ళు కర్రలతో నిలబడ్డారు. "రాజీవ్ గాంధీని చంపేశారు, బండి వెనక్కి తిప్పండి" అన్నారు. నేను నమ్మలేదు. నిన్ననే చూశారు కదా, బస్సు నిండా చూసినవాళ్ళే కదా అనుకున్నాను. ఎవరో రాయి విసిరితే వెనకద్దం పగిలింది. విసిరిన కుర్రాడు ఏడుస్తున్నాడు, అది బాగా గుర్తు. బస్సులో ఒక పెళ్ళివారున్నారు, గురువారం ముహూర్తం. పసుపు గుడ్డల మూటలు ఒళ్ళో పెట్టుకుని ఒక్క మాట లేకుండా కూర్చుండిపోయారు. డ్రైవరుగారు ఆ ఇరుకులోనే బండి తిప్పి మళ్ళీ ఊరికి తెచ్చారు.

రెండు రోజులు ఊళ్ళో ఒక చింతచెట్టు కిందే బస్సు. ముందురోజు కలెక్షనంతా నా సంచిలోనే ఉంది. డిపోలో కట్టేదాకా అది నా ప్రాణానికి వచ్చిన టెన్షనే. రాత్రి దాన్ని తల కింద పెట్టుకుని పడుకున్నాను. మాకు తిండి పెట్టింది ఆ ముసలమ్మే. పొద్దున చోడి (రాగి) అంబలి, ఉల్లిపాయ. మధ్యాహ్నం అన్నంలో ఆవకాయ. పెడుతున్నంతసేపూ ఏడ్చేది. జెండా తీసి ఇంటి చూరులో దోపింది.

ఊళ్ళో రేడియో మాస్టారి ఇంట్లో ఉండేది. అరుగు మీద మగవాళ్ళు, కింద వీధిలో ఆడవాళ్ళు కూర్చుని వినేవారు. ఇందిరాగాంధీ పోయినప్పుడు నేను విజయనగరంలో చదువుకుంటున్నాను. పొద్దున కాల్పులు జరిగితే ఆకాశవాణి సాయంత్రం దాకా చనిపోయిందని చెప్పలేదు. ఈసారి అలా లేదు, కానీ మాకు అర్థమైంది కొంచెమే. ఆడమనిషి ఒంటికి బాంబు కట్టుకుని వచ్చి పాదాలకి వంగి పేల్చేసిందంటే, అలా కూడా చేస్తారా అని అడిగినవాళ్ళే అందరూ. మగవాళ్ళ మాటలు ఎన్నికల మీదకి వెళ్ళిపోయాయి. మిగిలిన పోలింగుని తర్వాత జూన్ 12, 15 తేదీలకి వాయిదా వేశారు.

ఆ మాటల మధ్యలో ముసలమ్మ కింద నుంచి నన్ను అడిగింది. "మరి ఆయన్ని సూడ్డానికొచ్చినోల్లు ఇల్లకి సేరినారా బాబూ?"

అరుగు మీద ఎవరికీ తెలియదు. నిజం చెప్పాలంటే మాలో ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు.

మూడో రోజు దారి తెరుచుకున్నాక పేపరొచ్చింది. ఆవిడ గుమ్మంలో కూర్చుని చదివి వినిపించాను. ఆయనతో పాటు ఇంకా కొందరు పోయారని ఉంది. పేర్లు లేవు. "పేర్లు రాయలేదా?" అంది. లేవమ్మా అన్నాను. వివరాలు నాకు తర్వాత ఏళ్ళ మీద తెలిశాయి. కనీసం మరో పద్నాలుగు మంది. ఆయన అంగరక్షకుడు. బందోబస్తుకి వచ్చిన పోలీసులు, అందులో ఎస్పీ నుంచి కానిస్టేబుళ్ళ దాకా ఉన్నారు. ఒక ఫొటోగ్రాఫరు. ఆయన పోయినా కెమెరా చెడకుండా దొరికింది, అందులోని ఫొటోలే కేసుకి దారి చూపాయి. రాజీవ్ ముందు పద్యం చదివిన పదేళ్ళ పాప, ఆ పాప తల్లి. ఆ తల్లీబిడ్డల గురించి చదివిన రోజు నాకు మా బస్సులో డ్రైవరు వెనక సీటే కనిపించింది. వాళ్ళు కూడా ఆవిడలాగే పిల్లని వెంటబెట్టుకుని చూడ్డానికి వెళ్ళినవాళ్ళే. ఆవిడ తను ఎక్కిన ఊళ్ళోనే మా బస్సు దిగింది. వాళ్ళు దిగలేదు.

2022లో ఈ కేసులో ఖైదీలని సుప్రీంకోర్టు విడుదల చేసింది. మే నెలలో ఒకరిని, నవంబరులో ఆరుగురిని. టీవీల్లో గంటల తరబడి చర్చలు నడిచాయి. తీర్పు గురించి నేను మాట్లాడను, అంత తెలిసినవాణ్ణి కాను. కానీ ఆ చర్చలు వినీ వినీ విడుదలైనవాళ్ళ పేర్లు నాకు నోటికొచ్చేశాయి. చనిపోయినవాళ్ళ పేర్లు ఒక్కటీ రాలేదు. ఎవరో చెబితే కదా వచ్చేది.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. వచ్చే మే 21న ప్రతిజ్ఞ ఫొటో పక్కన ఆ పేర్లు కూడా వేయండి. అందరివీ వేయండి, కానిస్టేబుళ్ళవి కూడా. ఎవరు ఏ పని మీద అక్కడికి వచ్చారో పేరు పక్కన ఒక్క ముక్క రాస్తే చాలు. కోర్టు కాగితాల్లో ఉన్న పేర్లే, మీకు దొరక్కపోవు.

ముసలమ్మ పోయి చాలా కాలమైంది. మనవడు ఆ ఊళ్ళోనే వ్యవసాయం చేసుకుంటున్నాడు. ఆ రోజు ఏం గుర్తుందని మొన్న పండక్కి వెళ్ళినప్పుడు అడిగాను. రాజీవ్ గాంధీ గుర్తులేడన్నాడు. మామ్మ సేమ్యా ఐసు కొనిపెట్టడం, బస్సులో ఆవిడ ఒళ్ళో పడుకోవడం గుర్తున్నాయట. పేపర్లో పేర్లు పడిన రోజు ఒక కాపీ తీసుకెళ్ళి అతనికి ఇద్దామనుకుంటున్నాను. వాళ్ళ మామ్మ అడిగింది కాబట్టి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్టీసీ కండక్టరు,
గజపతినగరం, విజయనగరం జిల్లా.