గేము మధ్యలో తెర నల్లబడితే వెంటనే గ్రాఫిక్స్ కార్డు మార్చేయకండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు మొదలయ్యాయంటే విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కంప్యూటర్ రిపేరు దుకాణాలకు ఒకే ఫిర్యాదు పదేపదే వస్తుంది. గేము ఆడుతుండగా తెర నల్లబడుతుంది, రెండు మూడు సెకన్లకు తిరిగొస్తుంది, గేము మాత్రం మూసుకుపోతుంది. డిస్‌ప్లే డ్రైవర్, అంటే గ్రాఫిక్స్ కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్, ఆగిపోయి కోలుకుందని ఒక సందేశం. ఒకనాడు గంటకోసారి, ఆ తర్వాత రెండు రోజులు జాడే ఉండదు. ‘కార్డు పోయింది నాన్నా’ అంటాడు పిల్లవాడు. దుకాణంలో విండోస్ ఫార్మాట్ చేసి పంపిస్తారు. వారం తిరిగేసరికి మళ్లీ అదే. చివరికి తండ్రి ఇరవై ముప్పై వేలు పెట్టి కొత్త కార్డు కొంటాడు. దాంతోనూ తెర నల్లబడే ఇళ్లున్నాయి. ఈ పనిలోనే ఉన్నవాళ్లం కనుక పాఠకులకు ఒక మాట చెప్పాలనుకుంటున్నాం. ఆ సందేశం పడిపోయినవాడి పేరు చెబుతుంది గానీ తోసినవాడి పేరు చెప్పదు. తోసినవాణ్ని పట్టుకోవడానికి ఒక వరుస ఉంది. అందులో చాలావరకు ఇంట్లోనే, డబ్బు పెట్టకుండా చేసుకోవచ్చు.

విండోస్‌లో విస్టా కాలం నుంచీ ఒక కాపలా ఉంది, దాన్ని టీడీఆర్ (టైమౌట్ డిటెక్షన్ అండ్ రికవరీ) అంటారు. గ్రాఫిక్స్ కార్డుకు అప్పగించిన పని రెండు సెకన్లలో తెమలక, ఆపమన్నా ఆపకపోతే, విండోస్ ఆ కార్డునూ డ్రైవర్‌నూ రీసెట్ చేసి తెరను నిలబెడుతుంది. ఒక నిమిషంలో అలాంటివి అయిదు దాటితే నీలి తెర వేసేస్తుంది. కార్డు ఎందుకు చిక్కుకుపోయిందో ఈ కాపలాకు తెలియదు. కరెంటు క్షణం సేపు తగ్గినా, ర్యామ్‌లో ఒక బిట్ తారుమారైనా, ప్రాసెసర్ తప్పు లెక్క పంపినా నింద డ్రైవర్ మీదే పడుతుంది. విండోస్ లోపలి సెట్టింగులుండే రిజిస్ట్రీలో టీడీఆర్ డిలే విలువను, అంటే ఆ కాపలా ఎదురుచూసే సెకన్లను, రెండు నుంచి పదికి పెంచేయమని చాలామంది సలహా ఇస్తారు. దానివల్ల రెండు సెకన్ల నల్లతెర కాస్తా పది సెకన్లు కదలని తెర అవుతుంది, అంతే. బరువైన వీడియో రెండరింగ్ చేసేవారికి ఆ మార్పు పనికొస్తుంది కానీ గేముల్లో అలా మేలు జరగడం అరుదు.

ముందుగా ఒక కాగితం పెట్టుకోండి. క్రాష్ అయిన వేళ, గేము పేరు, అప్పుడు ఇంట్లో నీళ్ల మోటారో ఏసీయో నడుస్తోందా అన్నది రాయండి. తర్వాత విండోస్ తనలో జరిగినవి నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ విభాగంలో అదే వేళకు ఏముందో చూడండి. డిస్‌ప్లే పేరుతో 4101 అనే ఈవెంట్ నంబరు ఉంటే, ముందు చెప్పిన కాపలా పని చేసిందని అర్థం. దాంట్లో ఎన్‌వీఎల్‌డీడీఎంకేఎం అని ఉంటే అది ఎన్‌విడియా డ్రైవర్. 4101 లేకుండా కెర్నెల్ పవర్ 41 ఒక్కటే ఉండి, మెషీన్ టక్కున ఆగి మళ్లీ లేచి ఉంటే డ్రైవర్ జోలికి పోనక్కర్లేదు, కరెంటు వైపు చూడండి. డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ అనే పేరు కనిపిస్తే ప్రాసెసర్, మెమరీ, మదర్‌బోర్డు స్లాట్ వీటిలో ఎక్కడో హార్డ్‌వేర్ తప్పు నమోదైనట్టు. తెర నల్లబడి, పాట వినిపిస్తూనే ఉండి, కార్డు ఫ్యాన్లు ఒక్కసారిగా హోరెత్తితే మాత్రం కార్డుకు బోర్డుతో సంబంధం తెగింది. పవర్ కేబులు, స్లాట్, వేడి ఈ మూడింటినీ అనుమానించాలి.

మన ప్రాంతంలో మొదట చూడాల్సింది కరెంటే అని మా గట్టి నమ్మకం. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, లైను చివర ఉన్న ఇళ్లలో సాయంత్రం వాడకం పెరిగేసరికి వోల్టేజీ 230 నుంచి బాగా దిగిపోతుంది. గేములు ఆడే వేళ కూడా సరిగ్గా అదే. యాక్టివ్ పీఎఫ్‌సీ అని రాసి ఉన్న మంచి ఎస్‌ఎంపీఎస్‌లు (క్యాబినెట్ లోపల ఉండే పవర్ సప్లైలు) 100 నుంచి 240 వోల్టుల వరకు తట్టుకుంటాయి. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చేవి తట్టుకోవు. పైన 500 వాట్లని పెద్దక్షరాలతో ఉంటుంది కానీ, పక్కన చిన్నక్షరాల్లో 12 వోల్టుల వరుస చూడండి. అక్కడ 18 ఆంపియర్లని ఉంటే 12తో గుణించండి: 216 వాట్లు. కార్డుకూ ప్రాసెసర్‌కూ నిజంగా దక్కేది అదే. ఆర్‌టీఎక్స్ 3060 ఒక్కటే 170 వాట్లు తాగుతుంది, దానికి ఎన్‌విడియా సిఫారసు చేసింది 550 వాట్ల సప్లై. పైగా ఏ కార్డూ నిలకడగా తీసుకోదు. కొన్ని మిల్లీసెకన్ల పాటు దాని రేటింగుకు ఎంతో పైకి ఎగిరి దిగుతుంది. ఆ ఎగిరినప్పుడే బలహీనమైన సప్లైలో 12 వోల్టులు కుంగిపోతాయి. కంప్యూటర్ పవర్ సప్లైలకున్న ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం ఆ లైను 11.4 కిందికి దిగకూడదు. సెన్సర్ల రీడింగులు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాధనంలో కనిపించే అంకె దారి చూపడానికే, నమ్మదగినది కనెక్టరు దగ్గర మల్టీమీటరుతో గేము నడుస్తుండగా చూసిన రీడింగ్. అదీ తెలిసినవాళ్ల చేతే చేయించండి.

కేబుళ్ల లెక్క కూడా తేలికైనదే. స్లాట్ నుంచి 75 వాట్లు, 6 పిన్నుల కనెక్టరు నుంచి 75, 8 పిన్నుల దాని నుంచి 150. కార్డుకు రెండు కనెక్టర్లుంటే సప్లై నుంచి రెండు వేరు కేబుళ్లు తెచ్చి పెట్టండి, ఒకే కేబులుకు వేలాడే రెండు తలలు పెట్టకండి. హార్డ్ డిస్కులకు కరెంటు ఇచ్చే సాటా కనెక్టరు నుంచి 6 పిన్నులకు మార్చే అడాప్టర్ ఎక్కడ కనిపించినా పీకేయండి. సాటా కనెక్టరులో 12 వోల్టుల పిన్నులు మూడే, ఒక్కోటి ఒకటిన్నర ఆంపియరు, మొత్తం 54 వాట్లు. దాని నుంచి 75 లాగితే ముందు క్రాష్‌లు వస్తాయి, తర్వాత ప్లాస్టిక్ కరుగుతుంది.

యూపీఎస్ ఉంది కదా అని ధీమా పడేవారికి ఒక మాట. 600 వీఏ అని రాసి ఉన్నవాటిలో చాలావాటి సామర్థ్యం 360 వాట్లే. మానిటర్‌తో సహా గేమింగ్ మెషీన్ దాని అంచునే ఉంటుంది, కరెంటు పోయిన క్షణాన ఓవర్‌లోడ్ అయి అదీ పడుకుంటుంది. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవారు దాని వెనక ఉన్న స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి. సప్లై తనలో దాచుకున్న కరెంటుతో సుమారు 16 మిల్లీసెకన్లే నిలబడగలదు. నార్మల్ మోడ్‌లో ఇన్వర్టర్ మారే వ్యవధి అంతకంటే ఎక్కువ కావచ్చు. ఎర్తింగ్ సంగతి ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి, కానీ న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ చూడమని అడగండి. రెండు మూడు వోల్టులు దాటితే ఎర్త్ పిట్‌లో నీళ్లు పోయించి కనెక్షన్ బిగింపు చూపించాలి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్‌లో దోపే అలవాటు మాత్రం ఈరోజే మానండి.

కళింగపట్నం, భావనపాడు, పూసపాటిరేగ, భోగాపురం లాంటి తీర ప్రాంతాల వాళ్లకు ఇంకో శత్రువు ఉప్పుగాలి. ఆర్నెల్లు విప్పకుండా వదిలేసిన మెషీన్‌లో కార్డు అంచున బంగారు పూత పట్టీల మీద, ర్యామ్ పట్టీల మీద సన్నని పొర పేరుకుంటుంది. పూత అరిగినచోట రాగికి కిలుము పడుతుంది. కార్డు వేడెక్కి వ్యాకోచించినప్పుడు ఆ అతుకు క్షణం సేపు వదులవుతుంది, చల్లారితే మళ్లీ అంటుకుంటుంది. ‘అరగంట బాగానే ఆడుతుంది, తర్వాత పడిపోతుంది’ అనే ఫిర్యాదుల్లో ఇది ఒక పెద్ద వంతు. ప్లగ్ తీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి, కార్డు విప్పండి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన, నూలుపోగులు రాలని గుడ్డతో పట్టీలను పొడవు వెంట తుడిచి పది నిమిషాలు ఆరనివ్వండి. చేతుల శానిటైజర్ వద్దు, అందులో నీళ్లూ గ్లిజరినూ ఉంటాయి. గరుకు కాగితం అసలే వద్దు, పూత లేచిపోతే ఇక అంతే. రబ్బరుతో రుద్దడం మన దుకాణాల్లో మామూలే. తప్పనిసరైతే మెత్తని తెల్ల రబ్బరు, రెండు మూడు సార్లు, ఆ పొడి పూర్తిగా తుడవాలి. మళ్లీ పెట్టేటప్పుడు స్లాట్ చివరి కొక్కెం టక్కుమనాలి, వెనక స్క్రూ బిగించాలి. బరువైన కార్డు కిందికి వాలితే చిన్న ఆసరా పెట్టండి.

దుమ్ము తీసేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, బ్లోవర్ గాలికి అది గిర్రున తిరిగితే బేరింగు దెబ్బతింటుంది. జనపనార మిల్లుల దగ్గర, రైసు మిల్లుల దగ్గర ఉండేవారు రెండు నెలలకోసారి చేయాలి. వేడి విషయంలో చిప్ ఉష్ణోగ్రత ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దు, చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటును చెప్పే హాట్‌స్పాట్ అంకెను కూడా చూడండి. రెండింటి మధ్య తేడా 25 డిగ్రీలు దాటిపోతుంటే చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య పూసే పేస్టు ఎండిపోయిందేమో అనుమానించాలి. మార్చేటప్పుడు థర్మల్ ప్యాడ్ల మందం పాతదానితో సమానంగా ఉండాలి. అర మిల్లీమీటరు ఎక్కువైనా హీట్‌సింక్ చిప్‌కు సరిగా ఆనదు.

ఇవన్నీ అయ్యాకే డ్రైవర్. పాతదాని మీదే కొత్తది వేయడం వల్ల మిగిలిన ముక్కలు తగాదా పడతాయి. డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత సాధనాన్నీ, కావలసిన డ్రైవర్‌నూ ముందే దించుకుని, ఇంటర్నెట్ తీగ పీకేసి, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి పాతదంతా తుడిచి, మామూలుగా బూట్ చేసి కొత్తది వేయండి. నెట్ పీకకపోతే మీరు తుడిచిన మరుక్షణం విండోస్ అప్‌డేట్ తన దగ్గరున్న ఏదో ఒకటి వేసేస్తుంది. సరికొత్తదే మంచిదన్న నియమం లేదు. క్రాష్‌లు ఒక అప్‌డేట్ తర్వాతే మొదలైతే అంతకు ముందున్నదానికే తిరిగి వెళ్లండి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో హెల్ప్ కింద డీబగ్ మోడ్ అని ఉంటుంది, కంపెనీ పెంచి పంపిన వేగాన్ని అది మూల వేగానికి తగ్గిస్తుంది. ఏ కార్డుకైనా ఆఫ్టర్‌బర్నర్ అనే సాధనంలో పవర్ లిమిట్ 80 శాతానికి దించవచ్చు. దించాక క్రాష్‌లు ఆగిపోతే డ్రైవర్ చాలావరకు నిర్దోషి, సప్లై లేదా కార్డు నీరసపడి ఉండవచ్చు.

ర్యామ్ గురించి దుకాణాల్లో ఎవరూ అడగరు, అది మాకు బాధ. బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ర్యామ్ వేగాన్ని పెంచే ఎక్స్‌ఎంపీ తీసేసి ఒకరోజు ఆడి చూడండి. వేర్వేరు కంపెనీల స్టిక్‌లు కలిపి వాడుతుంటే ఒక్కోదాన్ని విడిగా పెట్టి, రాత్రి పడుకునే ముందు మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష నాలుగు విడతలు నడపండి. ఒక్క తప్పు కనిపించినా ఆ స్టిక్ పనికిరాదు. ప్రాసెసర్ కూడా ఇంతే. ఇంటెల్ 13, 14వ తరం ప్రాసెసర్లున్న కొన్ని మెషీన్లలో గేము ‘వీడియో మెమరీ చాలలేదు’ అని చెప్పి మూసుకుపోయేది. కార్డులో కావలసినంత మెమరీ ఉన్నా ఆ మాటే వచ్చేది. అసలు దోషి, అవసరానికి మించిన వోల్టేజీతో అరిగిపోతున్న ప్రాసెసర్. 2024లో ఇంటెల్ దీన్ని ఒప్పుకుని మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణలు ఇచ్చింది, పెట్టెల్లో అమ్మిన ఆ ప్రాసెసర్ల వారంటీని రెండేళ్లు పెంచింది. మీ దగ్గర ఆ తరం ఐ7, ఐ9 ఉంటే ముందు బయోస్ అప్‌డేట్ చేయించండి. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను ఆ సవరణ బాగుచేయదు, వారంటీలో మార్చుకోవలసిందే.

సెకండ్ హ్యాండ్ కార్డు కొనేవారు డబ్బు చేతికిచ్చే ముందు కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ అనే సాధనం నడపమనండి. పాత చిప్‌కు జీటీఎక్స్ 1050 టీఐ పేరు అంటించి అమ్మే నకిలీల్లో చాలావాటిని అది పేరు ముందే ‘ఫేక్’ అని చూపిస్తుంది. ఆర్‌ఎక్స్ 580 అని చెప్పినదానిలో షేడర్లు (చిప్‌లో లెక్కలు చేసే భాగాలు) 2304కు బదులు 2048 ఉంటే అది వేరే రకం, ధర తగ్గాలి. క్రిప్టో మైనింగ్‌లో నలిగినవాటికి కార్డులోని బయోస్ మార్చి ఉంటే మామూలు డ్రైవర్ కుదురుగా నిలవకపోవచ్చు. హీట్ గన్‌తో కాల్చి ‘బాగుచేసిన’ కార్డు కొద్ది వారాలకే మళ్లీ పడకేస్తుంది, దానికి డబ్బు పెట్టకండి.

ఎప్పుడైనా ఒకసారికి ఒక్క మార్పే చేయండి, కాగితం మీద రాయండి, కనీసం రెండు రోజులు ఆడి చూడండి. మూడు కలిపి చేస్తే ఏది నయం చేసిందో తెలియదు, ఆర్నెల్ల తర్వాత మళ్లీ మొదటికొస్తుంది.

తోటి దుకాణదారులకు మా మనవి. దయచేసి బిల్లు మీద ‘సర్వీసు’ అని ఒక్క ముక్క రాసి ఇవ్వకండి. ఈవెంట్ నంబరు, 12 వోల్టుల రీడింగ్, వేసిన డ్రైవర్ వెర్షన్, మెమరీ పరీక్ష ఫలితం నాలుగు వరుసల్లో రాయండి. కార్డు వారంటీలో ఉండి విశాఖకో ఇంకెక్కడికో పంపవలసి వస్తే, విండోస్ ఫోల్డర్‌లోని మినీడంప్ ఫైళ్లూ (నీలి తెర వచ్చినప్పుడు విండోస్ దాచే వివరాలు), తెర నల్లబడుతుండగా ఫోన్‌తో తీసిన వీడియో, ఆ కాగితం కలిపి పంపండి. ‘మా దగ్గర పరీక్షిస్తే బాగానే ఉంది’ అని కార్డు వెనక్కి వచ్చినప్పుడు కస్టమరు చేతిలో ఉండే ఆధారం అదే.

ఇట్లు,
కంప్యూటర్ మరమ్మతు పని చేసే కొందరు,
విజయనగరం