శనివారం మీటింగ్: మనకు ఎలాంటి కౌన్సెలింగ్ కావాలో చెప్పే అవకాశం

అందరికీ నమస్తే! శనివారం సాయంత్రం 5 గంటలకు లైబ్రరీ పై అంతస్తులో జిల్లా ఆసుపత్రి మానసిక వైద్య విభాగం వాళ్లతో కూర్చుంటున్నాం. "స్టూడెంట్స్‌కి ఏం కావాలి?" అని వాళ్లే అడిగారు. ఉత్త చేతులతో రావద్దు.

ప్రతి హాస్టల్ బ్లాక్ నుంచి ఒకరు శుక్రవారం రాత్రికల్లా ఒక కాగితం రాసివ్వండి. పేర్లు, రూమ్ నంబర్లు వద్దు. ఇబ్బంది మాత్రం వివరంగా ఉండాలి. "సర్వీస్ బాగోలేదు" అంటే వాళ్లేం మార్చలేరు. "కౌన్సెలింగ్ 10 నుంచి 4 వరకే, అప్పుడు మాకు ల్యాబ్" అంటే టైమ్ మార్చమని గట్టిగా అడగొచ్చు. కౌన్సెలింగ్ గది ఆఫీసు పక్కనే ఉంటే అందరూ చూస్తారని ఎవరూ వెళ్లరు, అది తప్పకుండా రాయండి. మొదటిసారి వెళ్లినప్పుడే మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ ఇవ్వకపోతే చాలామంది అక్కడితో ఆపేస్తారు.

డిప్రెషన్ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ మాట ముందే చెప్పకపోతే పది రోజులకే మానేస్తారు. ఇదీ అడుగుదాం.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. 18 నిండని ఫస్టియర్ వాళ్ల విషయంలో ఇంట్లో ఎంతవరకు చెబుతారో స్పష్టంగా తేల్చుకోవాలి.

శనివారం దాకా ఆగలేనివాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ఎవరైనా చనిపోవాలని ఉందంటే ఒంటరిగా వదలొద్దు. వెంటనే వార్డెన్‌కి చెప్పండి, ప్రమాదం అనిపిస్తే 108.

గుర్తుంచుకోండి: ఎవరి సొంత విషయమూ ఈ గ్రూపులో పెట్టొద్దు. వచ్చేవాళ్లు బ్లాక్ పేరు మాత్రం ఇక్కడ పెట్టండి, కుర్చీలు 30 ఉన్నాయి.