చైన్ బిగించి పంపిన పెద్దాయనకు

మొన్న స్కాట్లాండ్ సరిహద్దు పల్లెల్లో నాలుగు మఠాల సైకిల్ దారి తొక్కాను. మెల్రోజ్, డ్రైబరా, జెడ్‌బరా, కెల్సో. 12వ శతాబ్దంలో కట్టి, ఇంగ్లండ్ సేనల దాడుల్లో పదేపదే దెబ్బతిన్న మఠాలవి. మొత్తం చుట్టు సుమారు 88 కిలోమీటర్లు. పొలాల మధ్య దారే కదా, చదునుగా ఉంటుందనుకోవడం నా తెలివితక్కువతనం!

జెడ్‌బరా దాటాక ఎత్తు ఎక్కుతుంటే చైన్ పుటుక్కున తెగింది. పైన వాన, ఫోన్‌కి సిగ్నల్ లేదు, ఒకటే టెన్షన్.

కుక్కతో నడకకొచ్చిన ఒక పెద్దాయన చూసి ఆగారు. ఇంటికెళ్లి పనిముట్ల డబ్బా, ఫ్లాస్కులో టీ తెచ్చారు. చేతులు నల్లగా చేసుకుని లింకు వేస్తూనే, రోమన్లు వేసిన డియర్ స్ట్రీట్ గురించి, కొంత దూరం దాని మీదుగా సాగి, తర్వాత సరిహద్దు దాటి లిండిస్‌ఫార్న్ దీవి దాకా వెళ్లే 100 కిలోమీటర్ల సెయింట్ కత్‌బర్ట్స్ నడకదారి గురించి చెప్పారు. డబ్బిస్తే కోప్పడ్డారు. పేరు అడగడం కూడా మరిచిపోయాను.

ఆయనకు తెలుగు రాదు, ఇది చదవరు. అయినా నలుగురి ముందు చెప్పాలనిపించింది: మీకు చాలా రుణపడ్డాను, పెద్దాయనా. మీ ఫ్లాస్కు మూత నా సంచిలోనే ఉండిపోయింది.